మొదటి తప్పు చేసినవాళ్లకు ఏమైంది?

(కొత్తగా ఉద్యోగాల్లో చేరిన యువతీ యువకుల కోసం జరిగిన సభలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారిణి చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో సభికుల ప్రశ్నలు, ఆమె జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వాన పడుతున్నా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనకాల నిలబడ్డ పిల్లలు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నేను 1986లో బ్యాంకులో క్లర్కుగా చేరాను. చేరిన రోజు నా చేతిలో పెట్టింది ఒక లెడ్జరు. అది ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. 2021లో రిటైరైన రోజు నా టేబుల్ మీద ఉన్నవి ఒక కంప్యూటరు, ఒక నీళ్ల సీసా. ఈ మధ్య కాలంలో మా చేతుల్లోకి ఎన్నొచ్చాయో! లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లు వచ్చాయి. బ్రాంచి మొత్తానికి ఒక్క కంప్యూటరు వచ్చింది, దానికి ఏసీ గది కట్టించి చెప్పులు బయట విడిచి వెళ్లమన్నారు. తర్వాత అన్ని బ్రాంచీలనూ ఒకే సర్వరుకు కలిపే కోర్ బ్యాంకింగ్, ఏటీఎంలు, నెఫ్టు, యూపీఐ.

బ్యాంకుల్లో కంప్యూటర్లు పెట్టుకోవడం గురించి 1983లో యూనియన్లతో ఒప్పందం కుదిరింది. 1984లో సి. రంగరాజన్ గారి కమిటీ బ్యాంకుల్లో యంత్రాలు ఎలా తేవాలో దారి చూపించింది. ఆయన తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు, అక్కణ్ణించి 1997లో మన ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చారు. మేం చేరిన కొత్తలో ఎక్కడ నలుగురు కలిసినా ఒకటే మాట, కంప్యూటరొస్తే మన ఉద్యోగాలు ఉంటాయా పోతాయా అని. ఆ భయం న్యాయమైనదే. కానీ వచ్చాక దాన్ని మనం ఎలా వాడుకుంటాం అనే మాట మాత్రం మా బ్రాంచిలో ఎవరి నోటా నేను వినలేదు. పైవాళ్లు మెషీన్ పంపుతారు, ట్రైనింగ్ ఇస్తారు, చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అంతటితో అయిపోయిందనుకున్నాం.

అది అంతటితో అయిపోదని నాకు రెండు బ్రాంచీలు నేర్పాయి. రెండిట్లోనూ అదే సాఫ్ట్‌వేరు, అవే ప్రింటర్లు, అదే ట్రైనింగ్. మనుషులూ ఇంచుమించు ఒకలాంటి వాళ్లే. ఆ రెండింటి సంగతీ చెప్తాను. ముందు బాధపెట్టేది.

2006. గుంటూరు జిల్లాలో ఒక బ్రాంచి. నేనక్కడ ఆఫీసర్ని, మేనేజరు గారి తర్వాత నేనే. కోర్ బ్యాంకింగ్ వచ్చి మూడు వారాలైంది. మా దగ్గర ఆ చుట్టుపక్కల బళ్ల టీచర్లు అరవై నలుగురికి రికరింగ్ డిపాజిట్లు ఉండేవి. నెలనెలా వాళ్ల సేవింగ్స్‌లోంచి ఐదొందలో, వెయ్యో తీసి ఆర్డీలో వేయాలి. అరవై నాలుగు వోచర్లు రాయాలి, ఎంట్రీ వేయాలి, ఇంకొకరు చూసి పాస్ చేయాలి. ఒక పూట పని.

మా దగ్గర కొత్తగా చేరిన క్లర్కు అమ్మాయి ఒకతి ఉండేది. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. సిస్టమ్‌లో మెనూలన్నీ ఒక్కొక్కటీ తెరిచి చూసే అలవాటు. అందులో ఆ అమ్మాయికి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అని ఒకటి కనిపించింది. ఒకసారి వివరాలు ఇస్తే చాలు, నెలనెలా సిస్టమే డబ్బు తీసి ఆర్డీలో వేసేస్తుంది. ఒక టీచరు గారి ఖాతాకి అది పెట్టి చూసింది. మర్నాడు పొద్దున చూస్తే ఐదొందలు రెండుసార్లు కట్ అయ్యాయి.

టీచరు గారు పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుంటుంటే బయటపడింది. ఆయన కోప్పడలేదు. "చూడండమ్మా, రెండుసార్లు పడినట్టుంది" అన్నారు, అంతే. ఎక్కువ పడ్డ ఐదొందలూ వెనక్కి వేయడానికి పది నిమిషాలు పట్టింది. కానీ మేనేజరు గారు క్యాబిన్‌లోంచి బయటికొచ్చి, హాల్లో ముప్పైమంది కస్టమర్ల ముందు, "నీకెందుకమ్మా ఈ ప్రయోగాలు? నీ బాబు సొమ్మనుకున్నావా?" అని అరిచారు. సాయంత్రానికి చేతిలో మెమో. ఆ అమ్మాయి మెమో మడిచి హ్యాండ్ బ్యాగులో పెట్టుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. నాలుగు మడతలు వేసింది. ఇంత చిన్నది చేసి లోపల పెట్టుకుంది.

నేను పక్క సీట్లోనే ఉన్నాను. మాట్లాడలేదు. దీనికి నేనేమీ సర్దిచెప్పుకోను. మాట్లాడాల్సింది, మాట్లాడలేదు.

తర్వాత మూడేళ్లు నేను ఆ బ్రాంచిలోనే ఉన్నాను. ఆ మూడేళ్లూ నెలనెలా అరవై నాలుగు వోచర్లు చేత్తోనే రాశాం. ఇంకెవ్వరూ కొత్త మెనూ తెరవలేదు. తమకు తెలిసిన నాలుగు స్క్రీన్లు తప్ప ఐదోదాని జోలికి పోలేదు. సిస్టమ్‌లో ఉన్న లెక్కే మళ్లీ పక్కన రిజిస్టర్లో రాసుకునేవాళ్లు, ఎందుకైనా మంచిదని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత మా బ్రాంచిలో రోజుకు రెండుసార్లైనా వినబడేది. రీజనల్ ఆఫీసు వాళ్లొచ్చి, "ఇంత మంచి సాఫ్ట్‌వేరిచ్చినా మీవాళ్లకి ఆసక్తి లేదండీ, నేర్చుకునే బుద్ధి లేదు" అని రాసుకుపోయారు. వాళ్లు రాసింది తప్పు. బుద్ధీ ఉంది, ఆసక్తీ ఉంది. ఆ రెండూ నాలుగు మడతలు పడి హ్యాండ్ బ్యాగులోకి వెళ్లిపోయాయి.

రెండో బ్రాంచి పశ్చిమ గోదావరి జిల్లాలో, రైల్వే స్టేషనున్న ఊళ్లో. 2010లో నేనక్కడికి బదిలీ అయ్యాను. అక్కడి మేనేజరు గారిది గట్టి గొంతు, అప్పుడప్పుడు కోపమూ ఉండేది. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, మంచి వాతావరణం అనగానే ఎప్పుడూ నవ్వుతూ ఉండే బాసును ఊహించుకుంటాం. ఈయన అలాంటాయన కాదు. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. అప్పట్లో బ్యాంకులకు శనివారం ఒంటిపూట. గేటు వేశాక అందరికీ టీ తెప్పించేవారు. టీ తాగుతూ ఇరవై నిమిషాలు, ఆ వారం సిస్టమ్‌తో ఎవరు ఏం తప్పు చేశారు, ఎవరికి ఏం కొత్తగా దొరికింది, అదే మాట. మొదట ఆయనే తన తప్పు చెప్పేవారు. నేను చేరిన మొదటి శనివారం, "ఒకాయన పన్నెండు నెలల ఫిక్స్‌డ్ డిపాజిట్ నేను పన్నెండు రోజులకి వేశానర్రా, ఆయన అదృష్టం బాగుండి సాయంత్రమే చూసుకున్నాను" అన్నారు. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. హెడ్ క్యాషియరు గారు తాపీగా, "ఆ స్క్రీన్లో నెలల గడి పక్కనే రోజుల గడి ఉంటుంది సార్, నాకూ ఒకసారి అయింది" అన్నారు. నేను గుంటూరు నుంచి వచ్చిన మనిషిని కదా, టీ గ్లాసు పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను.

నవంబరు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు, రైల్వే పెన్షనర్లు బతికే ఉన్నామని ఏడాదికోసారి నవంబరులో సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడైతే జీవన్ ప్రమాణ్ వచ్చింది, వేలిముద్రతో ఎక్కణ్ణించైనా ఇవ్వొచ్చు, కానీ అది మొదలైంది 2014లో. అప్పుడు మనిషి బ్రాంచికి రావాల్సిందే. ఒకటో తారీకు నుంచే మెట్ల మీద ముసలివాళ్లు. చేతికర్రలు, కళ్లజోళ్లు, మనవళ్ల భుజాలు. కుర్చీలు చాలవు. ఆ ముందు సంవత్సరం ఒక పెద్దావిడ కళ్లు తిరిగి పడిపోయిందట.

ఆ శనివారం టీ దగ్గర ఒక క్లర్కు కుర్రాడు అన్నాడు, "సార్, ఇన్‌స్పెక్షన్ వాళ్ల కోసం పెన్షన్ ఖాతాల రిపోర్టు తీస్తాం కదా, అందులో అడ్రసు ఉంటుంది. దాన్ని ఎక్సెల్‌లో వేసి ఊరివారీగా విడగొడితే ఏ ఊళ్లో ఎంతమందో తెలుస్తుంది. ఊరికో రోజు ఇవ్వొచ్చు" అని. ఆ రిపోర్టు తయారు చేసింది ఆడిట్ కోసం. దానితో క్యూ తగ్గించొచ్చని దాన్ని తయారు చేసినవాళ్లకి కూడా తోచి ఉండదు. మేనేజరు గారు, "కానీ, తీసి చూడు. తప్పొస్తే మళ్లీ చేద్దాం" అన్నారు.

తీశాడు. అంతా కలగాపులగం. ఒకే ఊరి పేరు నాలుగు స్పెల్లింగులతో ఉంది. కొన్నిట్లో ఊరి పేరే లేదు, పేట పేరు మాత్రం ఉంది. కుర్రాడిది కడప, ఆ ప్రాంతం వాడికి కొత్త. తల పట్టుకున్నాడు. అప్పుడు మా అటెండరు, ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లన్నీ సైకిల్ మీద తిరిగి నోటీసులు ఇచ్చొచ్చిన మనిషి, టీ గ్లాసులు తీస్తూ తీస్తూ ఆగి స్క్రీన్‌లోకి చూశాడు. "బాబూ, ఇదీ అదీ ఒకటే ఊరు. ఈ పేట కాలవకి అవతలుంటుంది, వీళ్లకి బస్సు మధ్యాహ్నమే ఉంది, పొద్దున రమ్మంటే రాలేరు" అన్నాడు. మేనేజరు గారు లేచి ఒక కుర్చీ తెచ్చి కుర్రాడి పక్కన వేశారు. "కూర్చో, నువ్వు చెప్పు, వాడు కొడతాడు" అన్నారు. ఆ అటెండరు బ్రాంచిలో కంప్యూటరు ముందు కూర్చోవడం అదే మొదటిసారి. ఇద్దరూ సాయంత్రం ఐదున్నర దాకా కూర్చున్నారు. ఫోన్ నంబర్లున్న వాళ్లకి ఫోన్ చేశాం, మిగతా ఊళ్లకి పంచాయతీ ఆఫీసు గోడ మీద కాగితం అంటించాం, మీ ఊరికి ఫలానా తారీకు, ఫలానా పూట అని. కాలవ అవతలి పేటకి మధ్యాహ్నం. ఆ నవంబరులో మెట్ల మీద ఎవరూ కూర్చోలేదు.

ఇప్పుడు చెప్పండి. ఆ క్లర్కు కుర్రాడు తెలివైనవాడా, గుంటూరు బ్రాంచి అమ్మాయి తెలివితక్కువదా? ఇద్దరూ ఒకటే పని చేశారు. ఉన్న సాధనంలో ఎవరూ చెప్పని ఉపయోగం చూశారు. ఒకరి వెంట బ్రాంచంతా నడిచింది. ఒకరి తర్వాత బ్రాంచంతా ఆగిపోయింది.

నేను తర్వాత ట్రైనింగ్ కాలేజీలో కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. అప్పుడే ఈ విషయం మీద ఎవరెవరు ఏం కనిపెట్టారో చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నా రెండు బ్రాంచీలే కనిపించాయి.

అన్నిటికన్నా నన్ను కదిలించింది గుండె ఆపరేషన్ల మీద జరిగిన అధ్యయనం. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆవిడ, రిచర్డ్ బోమర్, గ్యారీ పిసానో, ముగ్గురూ హార్వర్డ్ వాళ్లు. 2001లో అచ్చయింది. అమెరికాలో 16 ఆస్పత్రులు ఒకే కొత్త పరికరం తెచ్చుకున్నాయి. మామూలుగా గుండె ఆపరేషనంటే రొమ్ము ఎముక కోసి తెరుస్తారు. ఈ కొత్త పద్ధతిలో పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి అక్కణ్ణించే చేస్తారు. పేషెంటు తొందరగా కోలుకుంటాడు. కానీ చిక్కెక్కడంటే, ఇంతకుముందు గుండె సర్జను కళ్లెదుట ఉండేది, రక్తనాళాన్ని నొక్కి మూసే క్లాంపు తన చేత్తో పెట్టేవాడు. ఇప్పుడు రక్తనాళం లోపల ఒక బెలూను ఉబ్బించి ఆపాలి. ఆ బెలూను ఎక్కడుందో సర్జనుకు నేరుగా కనబడదు. మత్తు డాక్టరు అల్ట్రాసౌండు తెర మీద చూసి చెప్పాలి. రక్తం తిప్పే మెషీను దగ్గరున్న టెక్నీషియను ప్రెజర్లు చెప్పాలి. నర్సు చెప్పాలి. అంటే అప్పటిదాకా థియేటర్లో నోరు విప్పని వాళ్లు నోరు విప్పితేనే ఈ మెషీను పనిచేస్తుంది.

పదహారు టీములూ ఒకటే ట్రైనింగ్‌కి వెళ్లాయి, మూడు రోజులు. కొన్ని టీములు ఒక్కో ఆపరేషన్‌తో చకచకా చేయి తిరిగాయి. కొన్ని చాలాకాలం తడబడుతూనే ఉన్నాయి. ఎందుకని చూశారు. సర్జను ఎంత సీనియరన్న దాన్ని బట్టి కాదట. ఆస్పత్రి దగ్గర డబ్బెంతన్న దాన్ని బట్టీ కాదట. పెద్ద సర్జను ఈ పరికరాన్ని తన టీముకి ఎలా పరిచయం చేశాడన్నది చూస్తే తెలిసింది. "ఇది మనందరికీ కొత్తే, మీరు చూసింది మీరు చెప్పకపోతే నేనిది చేయలేను" అన్న ధోరణిలో మొదలుపెట్టిన చోట నర్సులు మాట్లాడారు, టీము నేర్చుకుంది. ఇది నా నైపుణ్యం, మీరు మీ పని చూసుకోండి అన్న ధోరణి ఉన్నచోట తప్పు కళ్లముందు జరుగుతున్నా గొంతు పెగల్లేదు. బాగా నేర్చుకున్న ఒక టీములో, ఏదో చిక్కొచ్చి అందరూ ఆలోచిస్తుంటే ఒక నర్సు, ఎప్పుడో వాడకం మానేసిన ఒక పాత రకం క్లాంపు పేరు చెప్పి, అది వాడి చూస్తే ఎలా ఉంటుందని అడిగిందట. దానితో పని జరిగింది. ఇది చదివినప్పుడు నాకు మా అటెండరే కనిపించాడు. కాలవ అవతలి పేటకి బస్సు ఏ వేళకుందో ఏ సాఫ్ట్‌వేరుకు తెలుసు?

ఇదే ఎడ్మండ్‌సన్ గారు అంతకుముందు 1996లో ఇంకో అధ్యయనం అచ్చువేశారు. ఆస్పత్రుల్లో మందులివ్వడంలో జరిగే తప్పుల మీద. మంచి టీముల్లో తప్పులు తక్కువుంటాయని ఆవిడ అనుకున్నారు, మనమూ అదే అనుకుంటాం. లెక్క చూస్తే తలకిందులుగా వచ్చింది. బాగా కలిసి పనిచేసే టీముల్లోనే తప్పులు ఎక్కువ నమోదయ్యాయి. తర్వాత తేలిందేమిటంటే, వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి దాచడం లేదు. బ్యాంకులో ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లినప్పుడు ఏ తప్పూ లేదని చూపించిన బ్రాంచి అంటే నాకు ఆ తర్వాత నుంచి భయం పట్టుకుంది.

ఇంకొకావిడ వాండా ఒర్లికౌస్కీ. లోటస్ నోట్స్ అనే సాఫ్ట్‌వేరు 1989 చివర్లో వచ్చింది. ఒకరు రాసింది అందరూ చూసి వాడుకునేలా, కలిసి పనిచేయడానికే తయారైంది. ఆవిడ దాన్ని రెండు చోట్ల గమనించారు. మొదటిది ఒక పెద్ద కన్సల్టింగ్ కంపెనీ. అక్కడ ప్రమోషన్ కోసం ఒకరితో ఒకరు పోటీ, గంట గంటకూ క్లయింటుకి బిల్లు. కొత్తది నేర్చుకునే గంటకి బిల్లు ఎవరి పేర వేయాలి? నాకు తెలిసింది అందులో రాసి పెడితే పక్కవాడు నన్ను దాటిపోడా? దాంతో ఆ సాఫ్ట్‌వేరును ఎవరి మటుకు వాళ్లు ఉత్తరాలు పంపుకోవడానికే వాడుకున్నారు. రెండోది ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో కస్టమర్ల ఫోన్లు తీసుకునే విభాగం. అక్కడ ఒకరికొకరు సాయం చేసుకోవడం ముందునుంచీ అలవాటు. మొదట ఫోన్ కాల్స్ రాసుకోవడానికి మొదలుపెట్టారు. పోనుపోను ఒకరి కాల్స్ ఒకరు చదివి, అడక్కుండానే, "ఈ సమస్య నాకూ వచ్చింది, ఇలా చెయ్" అని రాయడం మొదలైంది. సీనియర్లను అడగడానికి జంకే కొత్తవాళ్లకు ఇది పెద్ద ఊరట. రెండుచోట్లా పని ఒకటి కాదు, అది ఒప్పుకోవాలి. అయినా జీతం, ప్రమోషను దేన్ని బట్టి వస్తాయో దాన్ని బట్టే సాఫ్ట్‌వేరు వాడకం నడిచిందన్నది మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఈవిడే మార్సీ టైర్ అనే పరిశోధకురాలితో కలిసి 1994లో ఇంకో మాట చెప్పారు. ఏ సాధనమైనా కొత్తగా వచ్చిన తొలిరోజుల్లోనే జనం దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు, తమ పనికి తగ్గట్టు మార్చుకుంటారు. ఆ కాస్త కాలం పోతే అలవాట్లు గట్టిపడిపోతాయి. మళ్లీ ఏదో పెద్ద కుదుపు వస్తే తప్ప కదలవు. సిమెంటు తడిగా ఉన్నప్పుడు పడ్డ అడుగు లాంటిది. మా గుంటూరు బ్రాంచిలో మెమో వచ్చింది మూడో వారంలో అన్నాను కదా. ఆరేళ్ల తర్వాత వచ్చుంటే అంత నష్టం జరిగేది కాదేమో. సిమెంటు తడిగా ఉన్నప్పుడు వచ్చింది.

పని ఒత్తిడి గురించి కూడా ఒక్క మాట. తెరెసా అమబిలె అనే పరిశోధకురాలు, ఆవిడ సహచరులు ఏడు కంపెనీల్లో 177 మంది చేత రోజూ డైరీ రాయించారు, తొమ్మిది వేలకు పైగా రోజుల డైరీలు. ఊపిరి సలపని రోజుల్లో జనం చాలా పని చేశామనే అనుకుంటారు, కానీ కొత్తగా ఆలోచించడం ఆ రోజుల్లోనే బాగా తగ్గిపోతుంది. మార్చి 31 చుట్టూ బ్రాంచిలో పనిచేసినవాళ్లకి దీన్ని ఇంకొకరు చెప్పక్కర్లేదు. శనివారం టీకి ఇచ్చిన ఆ ఇరవై నిమిషాలు తేరగా వచ్చినవి కావు. మేనేజరు గారు ఇంకో పని ఆపి ఆ సమయం ఇచ్చారు.

ఇక్కడ బ్యాంకు మనిషిగా గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. భయం లేకపోవడమంటే ఇష్టారాజ్యం అని ఎవరూ అనుకోవద్దు. మేం ఊరివాళ్ల డబ్బు కాపలా కాసేవాళ్లం. ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు చూసి పాస్ చేయాలన్న నియమం ఉత్తినే పుట్టలేదు. "పని తొందరగా అవుతుంది" అని పాస్‌వర్డు పక్కవాళ్లకిచ్చి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. పశ్చిమ గోదావరి మేనేజరు గారికి మూడు విషయాల్లో క్షమించడం ఉండేది కాదు. పాస్‌వర్డు ఇంకొకరికి ఇవ్వకూడదు. కస్టమరు వివరాలు బ్రాంచి దాటకూడదు. కస్టమర్ల నిజమైన ఖాతాల మీద ప్రయోగం చేయకూడదు. మరి ప్రయోగం ఎక్కడ చేయాలి? హెడ్డాఫీసులో ట్రైనింగ్ సర్వరు ఒకటుంటుంది, ఉత్తుత్తి ఖాతాలతో. దానికి లాగిన్లు రాయించి అందరికీ ఇప్పించారు. ఆ సర్వరు మేం గుంటూరు బ్రాంచిలో ఉన్నప్పుడూ ఉంది. మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. గీత ఎక్కడుందో తెలిసినప్పుడు గీత ఇవతల స్వేచ్ఛగా తిరగొచ్చు. ఎక్కడుందో తెలియనప్పుడు మనిషి ఉన్నచోటు నుంచి కదలడు.

ఇప్పుడు మీ కాలానికి వస్తాను. మీ ఆఫీసుల్లోకి ఏఐ వచ్చింది. నాతో మాట్లాడే పిల్లలు చాలామంది దాన్ని వాడుతున్నారు, కానీ దొంగచాటుగా. ఆఫీసు కంప్యూటర్లో కాదు, టేబుల్ కింద ఫోన్లో. ఎందుకమ్మా అంటే, "చెప్తే వీడికి పని రాదనుకుంటారు ఆంటీ" అని ఒకరు, "గంటలో చేశానని తెలిస్తే ఇంకో మూడు గంటల పని పెడతారు" అని ఒకరు, "మా ముగ్గురి పని ఒకరే చేయొచ్చని తేల్చేస్తారు" అని ఒకరు. ముగ్గురి భయాలూ నిజమైనవే, నేను కొట్టిపారేయను. కానీ జరుగుతున్న నష్టం చూడండి. ఒకరు కనిపెట్టిన మంచి ఉపాయం పక్క సీటుకి చేరదు. అది చెప్పిన తప్పుడు సమాధానాన్ని పట్టుకున్నవాళ్లు ఆ సంగతి ఇంకొకరికి చెప్పరు. ఆఫీసు సమాచారం సొంత ఫోన్లోంచి ఎటు పోతోందో ఎవరికీ తెలియదు. ఇవాళ సిమెంటు తడిగా ఉంది. మీ మేనేజర్లలో ఎవరైనా ఈ హాల్లో ఉంటే వాళ్లకి చేతులెత్తి మొక్కి చెప్తున్నాను. రేపు మీ టీములో దీనితో మొదటి తప్పు చేసేవాళ్లు ఎవరో ఒకరుంటారు. ఆ రోజు మీ గొంతు ఎలా ఉంటుందో మిగతా అందరూ వింటారు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక యువకుడు: మాది సాఫ్ట్‌వేర్ కంపెనీ మేడమ్. మాకు రెండు వారాలకోసారి రెట్రో మీటింగ్ ఉంటుంది, ఏం బాగా జరిగింది, ఏం జరగలేదు అని. మీ శనివారం టీ లాంటిదే. కానీ అందులో ఎవరూ నిజం చెప్పరు.)

అక్కడ చెప్పింది తర్వాత ఎక్కడికి పోతుంది బాబూ? అప్రైజల్లోకి పోతుందా? పోతుంది కదా. మరెవరు చెప్తారు? మా మేనేజరు గారు ఆ ఇరవై నిమిషాల్లో విన్నది ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు. కస్టమరు డబ్బుకి సంబంధించినదైతే సరిచేసి రికార్డు చేయాల్సిందే, అది వేరే దారిలో జరిగేది. ఇంకోటి, మీ లీడ్ ఎప్పుడైనా తన తప్పు మొదట చెప్పారా? మీరు ఆయన్ని మార్చలేకపోవచ్చు. కానీ మీకన్నా వెనక చేరిన జూనియరు ఒకరుంటారు కదా, వాళ్లతో కూర్చుని మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి. అక్కడికి మీరే లీడ్.

(ఒక యువతి: ఆ గుంటూరు బ్రాంచి అమ్మాయి తర్వాత ఏమయ్యారు మేడమ్?)

ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండుననుకున్నానమ్మా.

2014లో ట్రైనింగ్ కాలేజీలో నా క్లాసుకి వచ్చింది. ఆఫీసరుగా ప్రమోషన్ వచ్చి, మూడు రోజుల శిక్షణకి. చివరి బెంచీలో కూర్చుంది. నేను గుర్తుపట్టాను, తనూ గుర్తుపట్టింది. మొదటి రోజు ఇద్దరమూ ఏం మాట్లాడుకోలేదు. రెండో రోజు భోజనాల దగ్గర నేనే వెళ్లి, ఆ రోజు నేను నోరెత్తకపోవడం తప్పమ్మా అన్నాను. ఆవిడ దానికి ఏమీ అనలేదు. కాసేపాగి, "ఆ ఐదొందలు రెండుసార్లు ఎందుకు పడ్డాయో నాకు ఆ వారంలోనే తెలిసింది మేడమ్" అంది. స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్‌లో మొదలయ్యే తేదీ ఆ రోజుదే వేస్తే మా సిస్టమ్ వెంటనే ఒకసారి నడిపేది, రాత్రి ఆ రోజు లెక్కలు మూసే డే ఎండ్‌లో ఇంకోసారి నడిపేది. రేపటి తేదీ వేస్తే ఒక్కసారే పడుతుంది. ఇంట్లో కాగితం మీద గీసుకుని కనిపెట్టిందట. ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదేళ్లు.

మధ్యాహ్నం క్లాసులో నేను పక్కకి జరిగి మార్కరు ఆవిడ చేతికిచ్చాను. బోర్డు మీద తేదీలు వేసి ముప్పైమందికి చెప్పింది. వెనకనుంచి ఒకాయన లేచి, "మా బ్రాంచిలో ఇప్పటికీ ఇలాగే రెండుసార్లు పడుతోందండీ, అందుకే వాడటం మానేశాం" అన్నాడు. ఆయన రాసుకోవడం అయ్యేదాకా ఆవిడ బోర్డు తుడవలేదు.